కంప్యూటరు కేంద్రముల వేడి – దానిని తొలగించు విధానములు

విద్యుద్దీపము వెలుగునిచ్చును, ఫ్యాను గాలి విసరును, పంపు బావిలోని నీటిని పైకి తోడును. కంప్యూటరు లెక్కలు చేయును. పంపు పైకి తోడిన నీటిలో కొంత శక్తి నిలువయుండును. ఆ నీరు మరల క్రిందికి దిగునప్పుడు దానిచే పని చేయించుకొనవచ్చును. కంప్యూటరు చేసిన లెక్కలో అట్టి శక్తి ఏదియు నిలువయుండదు. అందుచేత కంప్యూటరులోనికి పోయిన విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు వేడిగా మారి బయటికి వచ్చును. 1,000 వాట్ల కంప్యూటరును, 1,000 వాట్ల విద్యుత్ పొయ్యియు గదిని వేడిచేయుటలో సమానమే.

ఇంటిలో ఒక కంప్యూటరు వలన కలుగు వేడిని ఎవరును లెక్కచేయరు. కాని బ్యాంకుల ఖాతాలు, రైలు టిక్కెట్లు, ఆసుపత్రుల రికార్డులు, వాతావరణ సూచనలు, ఇటీవల ప్రబలిన కృత్రిమ మేధ – వీటి పనియంతయు వేలకొలది కంప్యూటర్లను ఒకేచోట చేర్చిన డేటా కేంద్రములలో జరుగుచున్నది. పెద్ద కేంద్రము ఒక్కొక్కటి అనేక మెగావాట్ల విద్యుత్తును వాడును. ఒక మెగావాటు అనగా పది లక్షల వాట్లు. వేయి విద్యుత్ పొయ్యిలు రాత్రింబవళ్లు మండుచున్నట్లు. ఈ వేడిని ఎప్పటికప్పుడు బయటికి పంపనిచో కొద్ది నిమిషములలోనే యంత్రములు ఆగిపోవును. దానిని తక్కువ విద్యుత్తుతో, తక్కువ నీటితో ఎట్లు బయటికి పంపవలెను? ఇదియే నేటి ఇంజనీర్ల ముందున్న ప్రశ్న.

గాలి చాలని చోట నీరు

మొదటినుండి ఎక్కువగా వాడుకలో నున్న పద్ధతి గాలి. చిప్పుపై రేకుల అమరికను అతికించి, ఫ్యానులతో వాని గుండా గాలిని వీచిన, ఆ గాలి వేడెక్కి పోవును. ఈ పద్ధతి చౌకయైనది. కాని దీనికొక హద్దు కలదు.

ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు 4.18 కిలోజౌళ్లు కావలెను. ఒక కిలోగ్రాము గాలికి సుమారు ఒక కిలోజౌలు చాలును. ఇంతవరకు తేడా నాలుగు రెట్లే. కాని గాలి మిక్కిలి పలుచనిది. ఒక ఘనమీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోగ్రాములు, ఒక ఘనమీటరు నీటి బరువు 1,000 కిలోగ్రాములు. ఈ రెండు తేడాలను గుణించిన, సమాన ఘనపరిమాణము గల నీరు గాలికంటె సుమారు మూడున్నర వేల రెట్లు ఎక్కువ వేడిని మోయగలదని తేలును.

కృత్రిమ మేధకై వాడు కంప్యూటర్లను బీరువాలవంటి చట్రములలో ఒకదానిపై ఒకటి పేర్చుదురు. 2024 నాటికి అట్టి ఒక్క చట్రమునుండియే 120 కిలోవాట్ల వేడి వెలువడు యంత్రములు వచ్చినవి. పది డిగ్రీల ఉష్ణోగ్రత పెరుగుదలకు లోబడి ఈ వేడిని గాలితో తొలగింపవలెనన్న సెకనుకు సుమారు పదివేల లీటర్ల గాలిని ఆ బీరువా గుండా నెట్టవలెను. అది చల్లబరచుట కాదు, తుఫాను పుట్టించుట. అదే పనికి నీరైనచో సెకనుకు మూడు లీటర్లు చాలును.

ద్రవముతో చల్లబరచుట నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. 1976లో వెలువడిన క్రే-1 అను మహాగణన యంత్రమును ఫ్రియాన్ ద్రవముతో చల్లబరచిరి. 1980లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన 3081 యంత్రములో చిప్పుల సమూహములకు నీరు ప్రవహించు పలకలను అమర్చిరి. 1985 నాటి క్రే-2లో విద్యుత్తును ప్రసరింపనీయని ఒక ఫ్లోరిన్ ద్రవములో యంత్రభాగములను పూర్తిగా ముంచివేసిరి. తరువాతి దశాబ్దములో తక్కువ విద్యుత్తుతో పనిచేయు కొత్తరకపు చిప్పులు రాగా గాలియే చాలినది. ద్రవపు అవసరము తగ్గినది. ఇప్పుడు ఒక్కొక్క చిప్పు 700 వాట్లను, అంతకంటె ఎక్కువను వాడుచుండుటచే పాత అవసరము మరల వచ్చినది.

నేడు ఎక్కువగా అనుసరించు పద్ధతిలో చిప్పునకు ఒక రాగి పలకను అదిమి యుంచుదురు. ఆ పలకలో వెంట్రుకవంటి సన్నని గాళ్లు చెక్కబడి యుండును. వానిగుండా ప్రవహించు శుద్ధజలము చిప్పు వేడిని గ్రహించును. త్రుప్పు పట్టకుండుటకును, సూక్ష్మజీవులు పెరుగకుండుటకును ఆ నీటిలో గ్లైకాల్, ఇతర రసాయనములు కలుపుదురు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 2022లో నెలకొల్పిన ‘పరమ్ ప్రవేగ’ మహాగణన యంత్రము ద్రవముతో చల్లబడునదియే.

వాలు ఉన్నచోటనే పారుదల

నీరు వేడిని గ్రహించినంత మాత్రమున సమస్య తీరలేదు. వేడి చిప్పునుండి నీటిలోనికి మారినది, అంతే. శక్తి నశింపదు. ఆ నీరు మరల చిప్పు వద్దకు పోవుటకు ముందు, తాను తెచ్చిన వేడిని మరెచ్చటనో విడువవలెను. చివరకు ఆ వేడి చేరవలసిన చోట్లు మూడే: గాలి, నీరు, నేల. ఏ మార్గమున చేరవలెను అన్నదే ప్రశ్న.

ఇక్కడ ఉష్ణగతిక శాస్త్రపు రెండవ నియమము అడ్డు వచ్చును. వేడి తనంతట తాను ఎక్కువ ఉష్ణోగ్రత గల చోటినుండి తక్కువ ఉష్ణోగ్రత గల చోటికే పోవును. డెల్టా ప్రాంతమున కాలువలను ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. ఆనకట్ట వద్ద నీటిమట్టము ఎత్తుగా ఉండును. చివరి పొలము పల్లములో ఉండును. ఈ రెంటి నడుమనున్న వాలును కాలువ పొడవునా జాగ్రత్తగా పంచుకొనవలెను. నడుమ ఎక్కడనైనను వాలును వ్యర్థము చేసినచో చివరి పొలమునకు నీరెక్కదు. అప్పుడు ఇంజను పెట్టి తోడవలసి వచ్చును, తోడుటకు ఖర్చగును.

డేటా కేంద్రములో చిప్పు ఆనకట్ట. బయటి గాలి చివరి పొలము. చిప్పులు సాధారణముగా 80 నుండి 100 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఓర్చుకొనగలవు. బయటి గాలి వేసవి పగటిపూట 35 డిగ్రీలు ఉన్నదనుకొందము. నడుమ 45 డిగ్రీలకు పైగా వాలు ఉన్నది. వేడి దానంతటదే పారుటకు ఇది చాలును.

బయటినుండి లోపలికి లెక్క వేసి చూతము. గాలి 35 డిగ్రీలు. ఆరుబయట మోటారుకారు రేడియేటరును పోలిన పెద్ద యంత్రములో తిరుగు నీరు 40 డిగ్రీల వరకు చల్లబడును. ఈ బయటి నీటిని నేరుగా చిప్పుల వద్దకు పంపరు. అందు మలినములు చేరవచ్చును. ఉష్ణవినిమయకము అను పరికరములో పలుచని లోహపు రేకులకు ఒకవైపున బయటి నీరు, రెండవవైపున లోపలి శుద్ధజలము ప్రవహించును. రెండును ఎదురెదురు దిశలలో ప్రవహించునట్లు చేసినచో, లోపలి నీరు 54 నుండి 44 డిగ్రీలకు దిగుచుండగా బయటి నీరు 40 నుండి 50 డిగ్రీలకు ఎక్కును. రేకునకు ఇరువైపుల అంతటను 4 డిగ్రీల తేడాయే ఉండును. ఒకే దిశలో ప్రవహింపజేసిన ఇంత చక్కగా వేడి మారదు.

44 డిగ్రీల వద్ద బయలుదేరిన లోపలి నీరు చిప్పుల వద్ద పది డిగ్రీలు వేడెక్కి 54 డిగ్రీలకు చేరును. రాగి పలక, దానిక్రింద పూయు ఉష్ణవాహక లేపనము కలిసి వాటుకు 0.035 డిగ్రీ చొప్పున అడ్డగించుననుకొందము. 700 వాట్ల చిప్పునకు అది సుమారు 25 డిగ్రీలగును. అనగా చిప్పు 79 డిగ్రీల వద్ద ఉండును. 35, 40, 44, 54, 79: ఇవి ఐదు మెట్లు. వేడి పై మెట్టునుండి క్రింది మెట్టునకు తనంతట తాను దిగిపోవుచున్నది. పంపులకు, బయటి ఫ్యానులకు తప్ప మరి దేనికిని విద్యుత్తు అక్కరలేదు.

పాత పద్ధతిలో ఇట్లు జరుగదు. గదిలోని గాలిని 20 డిగ్రీల ప్రాంతమున ఉంచుటకై 10 డిగ్రీల చల్లని నీటిని సిద్ధపరచుదురు. బయట 35 డిగ్రీల ఎండ ఉండగా నీరు 10 డిగ్రీలకు దానంతటదే దిగదు. రిఫ్రిజిరేటరులో వలె కంప్రెసరును నడిపి, వేడిని బలవంతముగా ఎత్తులోనికి తోడవలెను. పల్లమున నున్న పొలమునకు పారవలసిన నీటిని మొదట గోతిలోనికి దింపి, పిదప ఇంజనుతో పైకి తోడినట్లున్నది ఈ పని. నాలుగైదు పాళ్ల వేడిని ఇట్లు తోడుటకు ఒక పాలు విద్యుత్తు సాధారణముగా ఖర్చగును.

కావున ద్రవశీతలీకరణములో పొదుపు, నీటిని మిక్కిలి చల్లగా ఉంచుటలో లేదు. చిప్పునకు హాని కలుగనంతవరకు వెచ్చగా ఉంచుటలోనే ఉన్నది. ఇది వినుటకు వింతగా తోచును. వేడి వస్తువును చల్లబరచుటకు చల్లని నీరే కావలెనని అందరును తలంతురు. కాని 80 డిగ్రీల చిప్పునకు 44 డిగ్రీల నీరును చల్లనిదే.

ఒక నిజమైన లెక్క

అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో 2022లో ప్రపంచ ప్రథమస్థానమును పొందిన ‘ఫ్రాంటియర్’ యంత్రమును ఉదాహరణముగా గ్రహింపవచ్చును. ఆ సంవత్సరపు పరీక్షలో అది సుమారు 21 మెగావాట్ల విద్యుత్తును వాడెను. దానిని చల్లబరచుటకు 32 డిగ్రీల సెంటిగ్రేడు నీటిని పంపుదురు. 350 అశ్వబలముల పంపులు నాలుగు కలిసి నిమిషమునకు 6,000 అమెరికా గ్యాలన్ల నీటిని, అనగా సెకనుకు సుమారు 378 లీటర్లను త్రిప్పును.

విద్యార్థులు ఈ అంకెలతో తామే లెక్క కట్టవచ్చును. 21,000 కిలోవాట్లను, 378 కిలోగ్రాములను 4.18తో గుణించిన లబ్ధముచే భాగించిన, సుమారు 13 డిగ్రీలు వచ్చును. అనగా 32 డిగ్రీల వద్ద లోనికి పోయిన నీరు 45 డిగ్రీల వద్ద వెలికివచ్చును. నాలుగు పంపులును పూర్తి బలముతో నడచినను వాటికి కావలసినది సుమారు ఒక మెగావాటు మాత్రమే. ఇరువది ఒక్క మెగావాట్ల వేడిని మోయుటకు ఇది స్వల్పమైన కూలి.

ఈ కూలిని ఇంకను తగ్గింపవచ్చును. ఒకే గొట్టములో ప్రవాహమును రెట్టింపు చేయుటకు పంపు శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావలెను. ప్రవాహమును సగమునకు తగ్గించినచో ఎనిమిదవ వంతు శక్తియే చాలును. కాని నీరు రెండింతలు వేడెక్కును. నీరు ఎంత వేడెక్కి బయటికి వచ్చిన చిప్పునకు ప్రమాదములేదో అంతవరకు ప్రవాహమును తగ్గించుట మేలు. అవసరమును మించి పంపులను త్రిప్పుట విద్యుత్తును పారబోయుటయే.

నీరా, విద్యుత్తా?

బయటి గాలి 35 డిగ్రీలున్న దినమున పై మెట్లలెక్క సరిపోయినది. 42 డిగ్రీల దినమున ఏమగును? ప్రతి మెట్టును ఏడు డిగ్రీలు పైకి జరుగును. చిప్పు 86 డిగ్రీలకు చేరును. అది చిప్పు ఓర్చుకొనగల హద్దునకు సమీపము. అప్పుడు మూడు మార్గములు గలవు. మొదటిది, కంప్రెసరును నడుపుట. దీనికి విద్యుత్తు ఖర్చు. రెండవది, నీటిని ఆవిరి చేయుట. మూడవది, మెట్ల ఎత్తును తగ్గించుట.

రెండవ మార్గము మనకు పరిచితమైనదే. వేసవిలో కుండలోని నీరు చల్లబడుటకు కారణము బాష్పీభవనము. శీతలీకరణ గోపురములలో జరుగునదియు ఇదే. నీటిని తుంపరలుగా చిమ్మి గాలి వీచిన, కొంత నీరు ఆవిరియగుచు తన గుప్తోష్ణమును మిగిలిన నీటినుండి గ్రహించును. ఈ విధమున నీరు బయటి గాలికంటెను చల్లబడగలదు. ఎంతవరకు? పాఠశాల ప్రయోగశాలలోని తడిబల్బు ఉష్ణమాపకము చూపు అంకె వరకు. దానికంటె దిగువకు పోజాలదు.

ఇందుచేత తావును బట్టి ఫలితము మారును. గాలి 42 డిగ్రీల వేడితో, 20 శాతము ఆర్ద్రతతో ఉన్నప్పుడు తడిబల్బు సుమారు 24 డిగ్రీలు చూపును. ఇది దక్కను పీఠభూమిపై పొడి వేసవి లక్షణము. గాలి 35 డిగ్రీల వేడితో, 70 శాతము ఆర్ద్రతతో ఉన్నప్పుడు తడిబల్బు 30 డిగ్రీలు చూపును. ఇది సముద్రతీరపు ఉక్కపోత. పొడిప్రాంతమున ఆవిరి పద్ధతి చక్కగా పనిచేయును గాని అచ్చట వేసవిలో నీరు కరవు. తీరమున గాలియే తేమతో నిండియుండుటచే ఆ పద్ధతి వలన లాభము తక్కువ.

ఎంత నీరు పోవును? 30 డిగ్రీల వద్ద ఒక కిలోగ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 2,430 కిలోజౌళ్లు కావలెను. ఆ లెక్కన ఒక మెగావాటు వేడిని కేవలము ఆవిరి ద్వారా తొలగించుటకు రోజుకు సుమారు 35 వేల లీటర్ల నీరు గాలిలో కలిసిపోవును. ఆవిరియైన నీటిలోని లవణములు గోపురములోనే మిగిలి చిక్కబడుటచే అప్పుడప్పుడు కొంత నీటిని పారబోయవలసి యుండును. అది వేరు ఖర్చు.

నీటిని వెచ్చగా ఉంచుటవలన ఇచ్చట రెండవ లాభము కనబడును. లోపలి నీరు 44 డిగ్రీల వద్ద నున్నను చాలునన్నచో, సంవత్సరములో అత్యధిక కాలము పొడి రేడియేటర్లే ఆ పనిని చేయగలవు. మిక్కిలి వేడిగల కొద్ది గంటలలో మాత్రము రేడియేటర్లపై నీటి తుంపరలు చల్లిన చాలును.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున గోల్డెన్ పట్టణములోని జాతీయ శక్తి పరిశోధనశాల 2016లో ఇట్టి ఏర్పాటునే చేసెను. వేడి నీటిని గోపురమునకు పంపుటకు ముందు థర్మోసైఫన్ అను పరికరము గుండా పంపిరి. అందు క్రింది పాత్రలోని శీతలకద్రవము నీటి వేడికి ఆవిరియై పైకెగయును. పైనున్న గొట్టములలో చల్లని బయటి గాలి తగిలి మరల ద్రవమై తన బరువుచేతనే క్రిందికి దిగును. కంప్రెసరు లేదు, పంపును లేదు. మొదటి సంవత్సరములోనే సుమారు 44 లక్షల లీటర్ల నీరు ఆదా అయినది.

మూడవ మార్గమైన మెట్ల తగ్గింపు అన్నిటికంటె ఉత్తమము. లేపనమును పలుచగా పూయుట, పలకలోని గాళ్లను ఇంకను సన్నముగా చెక్కుట, ఉష్ణవినిమయకమునకు, రేడియేటరునకు వైశాల్యము పెంచుట – వీనివలన ఒక్కొక్క మెట్టున రెండు మూడు డిగ్రీలు కలిసివచ్చును. ఈ ఖర్చు కట్టునప్పుడు ఒకమారు పెట్టునది. కంప్రెసరు ఖర్చు ప్రతిదినము పెట్టవలసినది.

వేడికి ఉపయోగము

పారబోయు వేడిని ఉపయోగింపరాదా యని ప్రశ్న కలుగును. దానితో విద్యుత్తును ఉత్పత్తి చేయుట లాభకరము కాదు. 60 డిగ్రీల నీటిని, 30 డిగ్రీల పరిసరములను ఉపయోగించు ఉష్ణయంత్రము, ఎట్టి లోపమును లేనిదైనను, వేడిలో 9 శాతమునకు మించి పనిగా మార్చలేదని కార్నో సూత్రము చెప్పును. నిజమైన యంత్రమున అందులో సగము వచ్చుటయు కష్టము. వేడిని వేడిగానే వాడుకొనుట మేలు.

శీతలదేశములలో ఇది సులభము. 2010లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయము కొరకు ఐ.బి.ఎం. నిర్మించిన ‘అక్వాసర్’ యంత్రమునకు 60 డిగ్రీల నీటిని పంపిరి. 65 డిగ్రీల వద్ద వెలికివచ్చిన ఆ నీటి వేడితో విశ్వవిద్యాలయపు భవనములను వెచ్చబరచిరి. ఫిన్లాండులోని కయానీ పట్టణమున పాత కాగితపు మిల్లు ఆవరణలో 2022లో ప్రారంభమైన ‘లూమి’ యంత్రపు వేడిని పట్టణములోని ఇండ్లకు గొట్టముల ద్వారా పంపుటకు ఏర్పాటు చేసిరి; ఆ పట్టణపు కేంద్రీయ తాపన వ్యవస్థకు కావలసిన వేడిలో సుమారు ఐదవ వంతు దీనినుండి లభింపగలదని అంచనా.

ఇండ్లను వెచ్చబరచుకొను అవసరము లేని మనవంటి దేశములకు జర్మనీలో మ్యూనిక్ సమీపమున గల గార్చింగ్ పట్టణపు లైబ్నిజ్ గణన కేంద్రము మరియొక దారి చూపినది. అచ్చట యంత్రముల వేడి నీటితో చలువను పుట్టించుచున్నారు. ఇందుకు సాధనము పాఠశాల ప్రయోగశాలలలో కనబడు సిలికా జెల్ వంటి పదార్థము. పొడిగా నున్న సిలికా జెల్ నీటి ఆవిరిని ఆత్రముగా పీల్చుకొనును. గాలి తీసివేసిన పాత్రలో నీటిని, దానికి చేరువగా సిలికా జెల్‌ను ఉంచినచో, నీరు వేగముగా ఆవిరియగుచు చల్లబడును. జెల్ తడిసిన తరువాత వేడి నీటితో దానిని మరల ఆరబెట్టుదురు. రెండు గదులను వంతులవారీగా నడుపుచున్నచో ఎడతెగక చలువ లభించును. ద్రవముతో చల్లబరచుటకు వీలుగాని ఇతర పరికరములను ఈ చలువతో చల్లబరచవచ్చును. రెండు పాళ్ల వేడికి సుమారు ఒక పాలు చలువయే లభించును గాని, ఆ వేడి ఎట్లును పారబోయవలసినదే గదా! అయితే ఈ యంత్రమునకు కనీసము 50 డిగ్రీలకు పైబడిన నీరు కావలెను. బయట ఎండ ఎక్కువైనకొలది దాని పనితనము తగ్గును. కావున చిప్పులనుండి నీరు ఎంత వేడిగా వెలికివచ్చునో దానికి అంత విలువ.

విశాఖ తీరమున

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో, గిగావాటు స్థాయిలో కృత్రిమ మేధా కేంద్రమును నెలకొల్పనున్నట్లు ప్రకటించెను. ఒక గిగావాటు అనగా వేయి మెగావాట్లు. ఈ పరిమాణమున వేడి తొలగింపు ఎంతటి విషయమో ఒక ఊహాలెక్క తెలుపును. వేయి మెగావాట్ల వేడిని ఎచ్చటనైనను కేవలము మంచినీటిని ఆవిరి చేసి తొలగింపదలచినచో రోజుకు మూడున్నర కోట్ల లీటర్ల నీరు కావలెను. పట్టణములలో మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున సరఫరా చేయవలెనను ప్రమాణమున ఇది రెండున్నర లక్షలమంది నీరు. కంప్రెసర్లతోనే తొలగింపదలచినచో వందలకొలది మెగావాట్ల అదనపు విద్యుత్తు కావలెను. వెచ్చని నీటితో నడచు పొడి రేడియేటర్లయినచో నీరు మిక్కిలి తక్కువ, విద్యుత్తును తక్కువయే. కాని విశాలమైన స్థలమును, పెద్ద యంత్రములును కావలెను. ఏ మార్గమును ఎన్నుకొనుచున్నారని ఏ ఊరి ప్రజలైనను అడుగదగిన ప్రశ్నయే.

తీరమున మరియొక మార్గము సముద్రము. ఫిన్లాండులోని హమీనా పట్టణమున గూగుల్ 2011లో ప్రారంభించిన కేంద్రము, పాత కాగితపు మిల్లు సొరంగము ద్వారా సముద్రజలమును తెచ్చి చల్లబరచుకొనుచున్నది. వేడెక్కిన నీటిని చల్లని నీటితో కలిపిన పిదపనే సముద్రములోనికి వదలును. బంగాళాఖాతము అంత చల్లనిది కాదు. వేసవిలో దాని ఉపరితల జలము 28 నుండి 30 డిగ్రీల వరకు ఉండును. అట్టి జలము 10 డిగ్రీల నీటిని ఈయలేదు. కాని 40 డిగ్రీల నీటిని సులభముగా ఈయగలదు. ఉప్పునీరు లోహములను తినివేయుటచే టైటానియము వంటి లోహపు ఉష్ణవినిమయకములు కావలెను. వెచ్చని నీరు తీరపు చేపలకు, ఇతర జీవులకు హాని చేయకుండ, ఎంత వేడితో, ఎచ్చట వదలవలెనో ముందుగా నిర్ణయించుకొనవలెను.

హద్దులు

వెచ్చదనమునకును ఒక హద్దు కలదు. చిప్పు వేడెక్కినకొలది దానిలో పనికి ఉపయోగపడక కారిపోవు విద్యుత్తు పెరుగును. ఆ విద్యుత్తును మరల వేడియే అగును. చిప్పు ఆయుర్దాయమును తగ్గును. కంప్రెసరులో ఆదాయైన విద్యుత్తును చిప్పులే మ్రింగివేసినచో లాభమేమి? కావున ప్రతి కేంద్రమును తన చిప్పుల స్వభావమును, తన ఊరి వాతావరణమును బట్టి తగిన ఉష్ణోగ్రతను వెదకుకొనవలెను. ఒకే గొట్టములలో రాగిని, అల్యూమినియమును కలిపి వాడిన అవి విద్యుద్ఘటమువలె పనిచేసి అల్యూమినియము త్రుప్పుపట్టును. కావున లోహముల ఎంపికయందు జాగ్రత్త అవసరము. పంపు ఆగిన కొద్ది క్షణములలోనే చిప్పులు వేడెక్కును గనుక, ఒకటి ఆగిన మరియొకటి వెంటనే అందుకొనునట్లు అదనపు పంపులు సిద్ధముగా ఉండవలెను.

ఒక కేంద్రపు పొదుపును కొలుచుటకు సామాన్యముగా వాడు కొలత ఒకటి కలదు. కేంద్రము మొత్తము వాడిన విద్యుత్తును, కంప్యూటర్లు మాత్రము వాడిన విద్యుత్తుచే భాగింతురు. ఆ అంకె ఒకటికి ఎంత చేరువైన అంత మేలు. కాని ఈ కొలత నీటి ఖర్చును చెప్పదు. మంచినీటిని విచ్చలవిడిగా ఆవిరిచేసియు ఈ అంకెను తగ్గింపవచ్చును. అందుచేత ఒక కేంద్రము మంచిదా కాదా అని తెలిసికొనదలచినవారు మూడు ప్రశ్నలు అడుగవలెను: చల్లబరచుటకు ఎంత విద్యుత్తు ఖర్చగుచున్నది? ఎంత నీరు ఖర్చగుచున్నది? వెలికివచ్చు నీటి ఉష్ణోగ్రత ఎంత? మూడవ ప్రశ్నకు వచ్చు జవాబుపైననే మొదటి రెండింటి జవాబులు చాలవరకు ఆధారపడియుండును.